పీతలెక్కిన స్టేషన్

మా బందరులో ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. రైల్వేలో ఒక జీవితం గడిపి, ఆ తర్వాత మెట్రోలో కూడా పనిచేసిన ముసలాణ్ణి కదా, ఏవో నాలుగు మంచి మాటలు చెబుతానని వాళ్ళ ఆశ. "మీ సర్వీసులో మర్చిపోలేని రోజు ఏదండీ?" అని అడుగుతారు. తుఫానులో రైళ్ళు నడిపించిన సంగతో, మంత్రిగారు వచ్చిన సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. నేను పీతల సంగతి మొదలుపెడతాను. సగం మంది సరదాకి చెబుతున్నాననుకుంటారు. కాదు. ఆ రోజు నా ఉద్యోగం పోవలసింది. ఒక మనిషి ప్రాణం కూడా పోవలసింది. ఎలా పోలేదో మీకూ చెబుతాను. పేర్లు మాత్రం అడక్కండి. అందరూ బాగానే ఉన్నారు, చదివితే నవ్వుకుంటారు కూడా. కాని పేరు వేస్తే మా సెక్యూరిటీ సూపర్‌వైజరు నన్ను క్షమించడు.

ముందు నా సంగతి చెప్పాలి. మా నాన్న బందరు కచేరీలో గుమాస్తా, తాతయ్య బడిపంతులు. మా ఇంట్లో చేప మాట దేవుడెరుగు, ఉల్లిపాయ కూడా కొన్ని రోజుల్లో వంటింట్లోకి రావడానికి వీల్లేదు. గిలకలదిండి హార్బరు మా ఇంటికి సైకిలు దూరంలో ఉన్నా, అటు వెళ్ళినప్పుడల్లా జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే కుటుంబం మాది. నేను రైల్వేలో స్టేషన్ మాస్టరునయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గుడివాడ జంక్షన్‌లోనూ, అటూ ఇటూ ఉన్న చిన్న స్టేషన్లలోనూ గడిచింది. పదవీ విరమణ చేసి ఇంటికొచ్చాక పేపరు రెండుసార్లు చదవడం అలవాటైంది. అది చూసి మా ఆవిడే, "ఎక్కడైనా పని చూసుకోండి, నన్ను కాస్త ఊపిరి తీసుకోనివ్వండి" అంది. అప్పుడే ఒక మహానగరంలో మెట్రో వాళ్ళు, అనుభవమున్న రైల్వే వాళ్ళని కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారని తెలిసింది. వెళ్ళాం ఇద్దరం.

నాకిచ్చిన స్టేషన్ లైను చివరికి దగ్గరగా, శివారు పట్నంలో ఉంది. కింద రోడ్డు, రోడ్డు పక్కన సంత. దాని మీద స్తంభాల పైన టిక్కెట్లిచ్చే అంతస్తు. ఆ పైన ప్లాట్‌ఫారం. అన్నీ కొత్తవి, నున్నటివి. నేలలో మొహం చూసుకోవచ్చు. లేనిదల్లా మనుషులే. పందిరి వేశాక పెళ్ళి తప్పిపోయిన ఇల్లులా ఉండేది. రైలు వచ్చేది, తలుపులు తెరుచుకునేవి, ఎవరూ దిగేవారు కాదు, ఎవరూ ఎక్కేవారు కాదు, తలుపులు మూసుకునేవి. గుడివాడ జంక్షన్‌లో రైలొస్తే టీ అమ్మేవాళ్ళ కేకల్లో సొంత గొంతు వినపడని మనిషిని నేను. ఇక్కడ నా చెప్పుల చప్పుడు నాకే వినిపించేది.

నాతో పనిచేసినవాళ్ళలో ఇద్దరి సంగతి మీకు తెలియాలి. ఒకరు స్టేషన్ కంట్రోలర్. అద్దాల గదిలో తెరల ముందు కూర్చుని గేట్లు, లిఫ్టులు, అనౌన్సుమెంట్లు అన్నీ నడిపే అమ్మాయి. ఇంజనీరింగు చదివింది. మా ముదినేపల్లి పిల్లే. వాళ్ళ నాన్నకి చేపల, రొయ్యల చెరువులున్నాయి. నన్ను 'మాస్టారూ' అనేది. రెండోవాడు సెక్యూరిటీ సూపర్‌వైజరు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. పెద్ద మీసాలు, ఇస్త్రీ మడత చెదరని బట్టలు. ఏం అడిగినా "రూలు రూలే సర్" అనేవాడు. అనడమే కాదు, రూలు పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా చెప్పేవాడు.

నేను చేరిన కొన్నాళ్ళకి పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈ స్టేషన్‌లో జనం లేరు కాబట్టి మధ్యాహ్నాలు రైళ్ళు ఇక్కడ ఆగకుండా వెళ్ళేలా చేద్దామని ఆలోచన ఉందట. ఒక పెద్ద అధికారి వచ్చి చూసి తేలుస్తారట. అదే జరిగితే ముదినేపల్లి అమ్మాయిని ఎక్కడికో మారుస్తారు. సూపర్‌వైజరు కింద ఉన్న గార్డుల్లో సగం మందికి పని ఉండదు. వాళ్ళలో చాలామంది ఈ ఉద్యోగం చూసుకునే దగ్గర్లో ఇల్లు అద్దెకి తీసుకున్నవాళ్ళు. నాకు మాత్రం ఇంకో బాధ కూడా కలిసింది. రైలు ఆగే చోటుని స్టేషన్ అంటారని నేర్చుకుని బతికినవాణ్ణి. ఆగకుండా దూసుకుపోయే రైలుకి జెండా ఊపుతూ నిలబడాలంటే మనసొప్పలేదు.

అసలు జనం ఎందుకెక్కరని కిందికి వెళ్ళి సంతలో అడగడం మొదలుపెట్టాను. అక్కడ కూరగాయలమ్మే ఒక పెద్దావిడ ఉండేది. అందరూ అవ్వ అనేవారు. ఆ సంతకి ఆవిడే పెద్ద దిక్కు. ఆవిడ యాసే వేరు.

"అది మా కోసం కట్టిన్రా సారూ? ఆఫీసులకు పోయేటోళ్ళ కోసం" అంది.

"అందరికోసమే అవ్వా. టిక్కెట్టు కొంటే ఎవరైనా ఎక్కొచ్చు."

"ఆ నడిచే మెట్లు చీర గుంజుకుంటయంట గదా. అటు దిక్కు ఎవరికో గట్లనే అయిందంట."

"ఎవరికీ కాలేదవ్వా."

"నువ్వు ప్యాంటు తొడుక్కుంటవు. నీకేం తెల్సు" అంది.

నా ప్యాంటుకేసి చూసుకుని పైకి వచ్చేశాను.

ఆ సంతలోనే ఒకరోజు, "మండపీతలండీ, దివిసీమవి, బతికున్నాయండీ" అన్న కేక వినబడింది. ఆ 'అండీ'కి నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. వెదురుబుట్ట ముందు పెట్టుకుని ఒక నడివయసు మనిషి కూర్చుని ఉంది. బుట్టలో తడిగోనె కింద ఏవో కదులుతున్నాయి.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

"నాగాయలంక అవతలండి. మీరు?"

"బందరు."

అంతే. అప్పటిదాకా బేరంలా చూసిన కళ్ళు చుట్టాన్ని చూసినట్టు మారిపోయాయి. "మా పిన్నిది గిలకలదిండేనండి. కూర్చోండి అన్నయ్యగారూ" అని గోనె పట్టా దులిపి వేసింది. వాళ్ళాయన పక్క వీధి అపార్టుమెంటులో వాచ్‌మన్. తమ్ముడు ఊళ్ళో పాయల్లో పీతలు పట్టి బస్సుకి వేస్తాడు. ఇక్కడ సంతలో కొనేవాళ్ళు తక్కువే. కాని లైను రెండో చివర గుడివాడ మనిషి ఒకావిడ మెస్సు నడుపుతోంది. ఎన్ని తెచ్చినా తీసుకుంటానంటుందట.

"మరి తీసుకెళ్ళచ్చుగా?"

"సిటీ బస్సులో ఎక్కనివ్వరండి. ఆటోకి పెడితే నాకేం మిగలదండి" అని, తలెత్తి పైన వెళ్తున్న రైలుకేసి చూసింది. నోరు తెరిచి అడగలేదు.

నేనూ తలెత్తి చూశాను. ఈమె ఒక్కతె ధైర్యం చేసి ఎక్కితే, అవ్వ చూస్తుంది. అవ్వ ఎక్కితే సంతంతా ఎక్కుతుంది. ఆలోచన బాగానే ఉందనిపించింది. చెడ్డ ఆలోచనలన్నీ మొదట అలాగే అనిపిస్తాయి, గుర్తుపెట్టుకోండి.

మేడెక్కి సూపర్‌వైజరుతో చెప్పాను. ఆయన రూలు పుస్తకం తీశాడు. వాసన వచ్చేవి కూడదు, నీళ్ళు కారేవి కూడదు, పెంపుడు జంతువులు కూడదు.

"పీతని ఎవరూ పెంచుకోరు కదండీ" అన్నాను.

"అయితే జంతువా, సరుకా సర్? అది తేలాలి."

ముదినేపల్లి అమ్మాయి అద్దాల గదిలోంచే తీర్పు చెప్పింది. "సరుకే మాస్టారూ. మా నాన్న రొయ్యల్ని కిలోకి ఇన్నని కౌంట్ చెప్పి అమ్ముతారు. జంతువుకి కౌంటేమిటి?"

సూపర్‌వైజరు పుస్తకం మూసి షరతులు పెట్టాడు. మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు కావాలి. అడుగున తడిగోనె పరవాలి, చుక్క కారకూడదు. మూత తాడుతో కట్టాలి. తనే స్వయంగా వాసన చూస్తాడు. పీతలకి గాలాడాలి కాబట్టి మూతకి చిల్లులు పెడదామన్నది నేను. చిల్లులు పెట్టాక మూత బిగువు తగ్గుతుందన్న సంగతి స్టేషన్ మాస్టరు పరీక్షల్లో ఎక్కడా రాదు.

ముహూర్తం కూడా నేనే పెట్టాను. పెద్ద అధికారి వచ్చే రోజే. ఆయన సాయంత్రం వస్తారని కబురు. పీతలు పొద్దున్నే వెళ్ళిపోతాయి. సాయంత్రానికి సంతంతా ఈ కబురు పాకుతుంది, నలుగురు ఎక్కుతారు, ఆయన కళ్ళారా చూస్తారు. ఇదీ లెక్క.

ఆ పొద్దున పీతలామె పండక్కి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. జడలో కనకాంబరాలు. అవ్వా, ఇంకో ఇద్దరూ సాగనంపడానికి కింద మెట్ల దాకా వచ్చారు. ఎస్కలేటర్ వైపు ఎవరూ చూడలేదు. ఆమె టబ్బు నెత్తిన పెట్టుకుని మామూలు మెట్ల మీద నుంచి ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చింది. సూపర్‌వైజరు వంగి, టబ్బు చుట్టూ తిరిగి, మూడు వైపుల నుంచి వాసన చూసి తల ఊపాడు. అప్పటికి అంతా సవ్యంగా ఉంది.

సామాను స్కానర్‌లో పెట్టాలి కదా. పెట్టారు. లోపలికి వెళ్ళింది. తెర ముందు కూర్చున్న గార్డు అమ్మాయికి ఎవరూ చెప్పలేదు లోపలేముందో. ఆ తెర మీద రోజూ గొడుగులు, టిఫిన్ డబ్బాలు చూసే పిల్ల అది. ఒక్కసారిగా కాళ్ళు, కాళ్ళ మీద కాళ్ళు, అన్నీ కదులుతూ కనిపించేసరికి కంగారుపడి బెల్టు ఆపేసింది. మళ్ళీ నడిపింది, వెనక్కి నడిపింది. టబ్బు అంచుకొచ్చి, ఒక పక్కకి వాలి, కిందపడింది. తాడు జారింది. నేను చిల్లులు పెట్టించిన మూత పగిలి, పళ్ళెంలా దొర్లుకుంటూ వెళ్ళింది.

ఎన్ని పీతలు అని అడక్కండి. నేల కనబడలేదు.

వాటి పెద్ద కాళ్ళు తాళ్ళతో కట్టేసి ఉన్నాయి కాబట్టి కరవలేవు. మిగతా కాళ్ళకి ఏ అడ్డూ లేదు. అంత నున్నటి నేల ఎప్పుడూ ఎరగని జీవాలు, జారుతూ, అడ్డంగా పరిగెడుతూ, చీకటి ఎక్కడుంటే అక్కడికి పోయాయి. టిక్కెట్టు మిషన్ల కిందికి, కుండీల వెనక్కి, లిఫ్టు ముందుకి. ఒక పీతకి మాత్రం తాడు ఊడిపోయింది. అది మా సూపర్‌వైజరు బూటు లేసు పట్టుకుంది. సరిహద్దులో తుపాకీ పట్టి కాపలా కాసిన మనిషి, ఒక్క గెంతులో స్కానర్ మీదికెక్కి కూర్చున్నాడు. బూటు విప్పి అవతల పడేశాడు. పీత ఆ బూటునే ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

 పీతలామె మెట్ల దగ్గరికి పరిగెత్తి కిందికి కేకేసింది. "అవ్వా, పీతలు పోతన్నాయే. నా పీతలన్నీ పోతన్నాయి."

ఆ తర్వాత చూసింది నేను చచ్చేదాకా మర్చిపోను. సంత లేచి వచ్చింది. అవ్వ ముందు. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, చేతిలో కూరగాయల గంపతో. వెనక ఉల్లిపాయలమ్మే ఆవిడ జల్లెడతో, పూలమ్మే ఆవిడ బుట్టతో, ఇంకెవరెవరో గోనెసంచులతో. దగ్గరగా ఉన్నది ఎస్కలేటర్. దాని మీదికే ఉరికారు. అది పైకి నడుస్తుంటే దాని మీద వీళ్ళు పరిగెత్తారు. ఏది కదులుతోందో, ఏది కదలడం లేదో చూసుకునే తీరిక ఎవరికుంది?

"సారూ, పక్కకు జరుగు" అని అవ్వ నన్ను భుజంతో నెట్టుకుంటూ వెళ్ళి, కుండీ వెనక పీత మీద గంప బోర్లించింది.

టిక్కెట్టు గేట్ల కింద సందులోంచి కొన్ని పీతలు అవతలికి వెళ్ళిపోయాయి. ఆడవాళ్ళు గేట్ల దగ్గర ఆగిపోయారు. నేను అద్దాల గదికేసి చేతులూపాను. "గేట్లు తెరువమ్మాయ్."

"మాస్టారూ, అన్నీ ఒకేసారి తెరిస్తే పై ఆఫీసులో గంట మోగుతుంది."

"మోగనీ."

తెరుచుకున్నాయి. ఎక్కడో దూరాన గంట మోగే ఉంటుంది. మా దగ్గర ఆ గోలలో ఎవరికి వినబడాలి?

అంతవరకూ అది నవ్వులాటే. గార్డులు మోకాళ్ళ మీద పాకుతున్నారు, ఉల్లిపాయలావిడ జల్లెడలో రెండేసి పీతల్ని ఎత్తుతోంది, సూపర్‌వైజరు స్కానర్ మీద నుంచే, "ఎడమ వైపు ఒకటి, లిఫ్టు దగ్గర రెండు" అని దళాన్ని నడిపిస్తున్నాడు. ఇంతలో పీతలామె, "అదిగో, పెద్దది" అంటూ ప్లాట్‌ఫారానికి వెళ్ళే ఎస్కలేటర్ వైపు పరుగు తీసింది. చూద్దును కదా, పళ్ళెమంత పీత ఒకటి మెట్టు మీద దర్జాగా నిలబడి పైకి వెళ్తోంది. మా సంతలో ఎవరికీ లేని ధైర్యం దానికుంది. ఆమె దాని వెనక. ఆమె వెనక నేను.

ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేసరికి పీత అంచు దాటి పట్టాల మీద పడింది. రైలు వస్తోందని బోర్డు మీద అక్షరాలు మెరుస్తున్నాయి. ఆమె అక్షరాలు చూడలేదు. బహుశా చూసినా చదవలేదు. ఆమె చూసిందల్లా పీతని. అంచు మీద కూర్చుని ఒక కాలు కిందికి వదిలింది.

"దిగకు. ఆగమ్మా, దిగకు" అని అరిచాను. ఆమెకి వినబడలేదు. మలుపు దగ్గర రైలు ముఖం కనబడింది.

స్తంభానికి ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే వచ్చే రైలు ఆగిపోతుంది. దాంతోపాటు లైనంతా తబ్బిబ్బవుతుంది. ఊరికే నొక్కినవాడి ఉద్యోగం ఉండదు. శిక్షణలో నేనే అందరికీ చెప్పేవాణ్ణి, ఒకటికి పదిసార్లు ఆలోచించి నొక్కమని. ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అరచేత్తో కొట్టాను. అటు తిరిగి, రెండు చేతులా ఆమె భుజాలు పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం నేల మీద కూలబడ్డాం. రైలు గట్టిగా కీచుమని, ప్లాట్‌ఫారం మొదలుకి కాస్త అవతలే ఆగిపోయింది.

"అది బాగా పెద్దదండి అన్నయ్యగారూ" అంది ఆమె, ఇంకా పట్టాలకేసే చూస్తూ.

"నువ్వు పోతేనో?"

అప్పుడు తల తిప్పి రైలుని చూసింది.   నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.  మా ఇంట్లో ముక్కుకి జేబురుమాలు పెట్టుకునే వంశం సంగతి చెప్పాను కదా. ఆ చేతి నుంచి వచ్చిన పీతల వాసనంత ధైర్యం నాకు ఆ పూట ఇంకేదీ ఇవ్వలేదు.

ముదినేపల్లి అమ్మాయి పైకి వచ్చేసింది. వైర్‌లెస్‌లో పై ఆఫీసుతో మాట్లాడి, రైలు కదలకుండా ఉండేలా హామీ తీసుకుంది. జనం పట్టాల మీద ఫోన్లు పారేసుకుంటే తీయడానికి మా దగ్గర పొడవాటి పట్టకర్ర ఒకటి ఉండేది. ప్లాట్‌ఫారం మీద బోర్లా పడుకుని, దాన్ని కిందికి పోనిచ్చి, పీతని వెనక వైపు నుంచి ఒడుపుగా పట్టి పైకి తీసింది. "చెరువు గట్టున ఇలాంటివి ఎన్ని పట్టానో మాస్టారూ" అంది, ఏదో పెన్ను కింద పడితే తీసిచ్చినట్టు.

రైలు మెల్లగా లోపలికి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగినవాళ్ళలో అందరికంటే ముందున్న పెద్దమనిషిని చూసి నేల మీద నుంచి లేవడం కూడా మర్చిపోయాను. సాయంత్రం రావలసిన అధికారి ఆయనే. చెప్పాపెట్టకుండా పొద్దున్నే బయలుదేరారు. నేనాపింది ఆయన రైలునే.

ఆయన చుట్టూ చూశారు. చేతిలో పట్టకర్ర, దాని చివర కాళ్ళాడిస్తున్న పీతతో కంట్రోలర్. నేల మీద నేను. ఆపాటికి గంపలు, జల్లెడలు పట్టుకుని సంతంతా ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది. చివరగా ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో సూపర్‌వైజరు వచ్చి సెల్యూట్ కొట్టాడు.

"నాకు చెప్పిన దాన్ని బట్టి ఈ స్టేషన్‌లో మనుషులుండరు కదండీ" అన్నారు అధికారి.

"ఇవాళ ఉన్నారండీ" అన్నాను. 

ఆయన అవ్వని అడిగారు, రోజూ పైకి వస్తారా అని.

"ఇవాల్నే మొదలు సారూ" అని, అవ్వ మాట మధ్యలోనే ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగి, తను ఎక్కి వచ్చిన ఎస్కలేటర్‌ని చూసింది. తర్వాత వంగి తన చీర అంచు చూసుకుంది. చిరగలేదు. "ఓ పిల్లా, మనం గీ నడిచే మెట్లెక్కే వచ్చినం" అంది పూలావిడతో. పూలావిడ తన చీర చూసుకుంది. ఉల్లిపాయలావిడ తనది చూసుకుంది. ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. పీతలామె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అధికారి మాత్రం పెదవి బిగబట్టారు. కాని ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

విచారణ జరిగింది. జరక్క తప్పదు. కొన్నాళ్ళకు నన్ను పిలిపించారు. ఆ అధికారితో కలిపి ముగ్గురు కూర్చుని అడిగారు, నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. బయలుదేరేముందు మా ఆవిడ, "ఉద్యోగం పోతే పోయింది, బందరు వెళ్ళి మళ్ళీ పేపరు రెండుసార్లు చదువుకుందురుగాని" అని ధైర్యం చెప్పింది. అదెంత ధైర్యమో మీకు పెళ్ళయ్యాక తెలుస్తుంది.

బటన్ నొక్కడం సరైన పని అన్నారు. గేట్లు తెరిచినందుకు అమ్మాయిని ఏమీ అనలేదు. ఆదేశం నాది కాబట్టి. టబ్బుని అనుమతించడం మాత్రం బుద్ధితక్కువ పని అని, ఇంకాస్త మర్యాదైన మాటల్లో, నా మొహం మీదే చెప్పారు. ఒప్పుకున్నాను. ప్రాణమున్న జలచరాలను తీసుకురాకూడదని రూలు పుస్తకంలో కొత్తగా ఒక మాట చేరింది. ఇన్నేళ్ళ సర్వీసులో రూలు పుస్తకానికి నేను చేర్చిన మాట అదొక్కటే. అందరూ లేచాక ఆ అధికారి తలుపు దగ్గర నన్ను ఆపి, "ఆ ఆడవాళ్ళు మళ్ళీ వస్తారంటారా? వస్తే మధ్యాహ్నాలు కూడా రైళ్ళు ఇక్కడ ఆగనిస్తాను. కొన్నాళ్ళు చూస్తాను" అన్నారు.

అదీ అసలు పరీక్ష. పీతలు లేకుండా వాళ్ళు పైకి రావాలి.

పీతలామె తిండిదారి మూసుకుపోకుండా సూపర్‌వైజరే ఉపాయం చెప్పాడు. బతికున్నవి వద్దన్నారు గాని, శుభ్రం చేసినవి వద్దనలేదు కదా అన్నాడు. ఆయన పుస్తకం చదవడం ఎవరికైనా పనికిరావడం అదే మొదటిసారి. సంతలోనే కడిగి, ఐసులో పెట్టి, మూత బిగుసుకునే డబ్బాలో తేవచ్చు. మెస్సావిడ కూడా సరేనంది. మూతకి చిల్లులు పెట్టలేదని ఆయన రోజూ రెండుసార్లు చూసుకునేవాడు. అలా మా స్టేషన్‌కి తప్పకుండా వచ్చే మొదటి ప్రయాణికురాలు ఆమె అయింది. ఎస్కలేటర్ మీదే వచ్చేది. డబ్బా చంకన పెట్టుకుని, రెయిలింగ్ కూడా పట్టుకోకుండా.

సంతకి సెలవున్న రోజున మెస్సావిడ అందర్నీ భోజనానికి పిలిచింది. అవ్వ, పూలావిడ, ఉల్లిపాయలావిడ, ఇంకా బోలెడు మంది. నాకు సెలవే, మా ఆవిడనీ తీసుకెళ్ళాను. ముదినేపల్లి అమ్మాయికీ, సూపర్‌వైజరుకీ డ్యూటీ. కాని రైలెక్కేదాకా వెంట వచ్చి తలుపుల దగ్గర నిలబడ్డారు. రైలు కదలగానే ఆడవాళ్ళందరూ కిటికీలకి అతుక్కుపోయారు. "గది మా ఇల్లు" "గది మనోళ్ళ బడి" అని ఒకటే చూపించుకోవడం. తమ ఊరిని పైనుంచి ఎప్పుడు చూశారని. అవ్వ మాత్రం కళ్ళు మూసుకుని కూర్చుంది. రెండు స్టేషన్లు దాటాక ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత మూయలేదు.

మెస్సులో పీతల కూర వడ్డించారు. అవ్వ జీవితంలో పీత తినలేదట. ఎలా తినాలో పీతలామె పక్కన కూర్చుని నేర్పింది. పెంకు పగలగొట్టే చప్పుళ్ళ మధ్య మా ఆవిడా, నేనూ పప్పూ, గోంగూరా తిన్నాం. మా ఆవిడ వాసనకి మొహం చిట్లిస్తుందేమోనని చూశాను. ఆవిడ పీతలామెని మసాలాలో ఏమేం వేస్తారని అడుగుతోంది. ఎందుకని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం వాలుతోంది. రైలు దిగాం. కిందికి పోవాలి కదా, ఎవరూ కదల్లేదు. వేసవి. కింద రోడ్డు మీద నిప్పులు. పైన ప్లాట్‌ఫారం మీద అటు చివర నుంచి ఇటు చివరకి గాలి. చీరకొంగులు ఎగురుతున్నాయి. అవ్వ బెంచీ మీద కూర్చుని, తల మీది కొంగు తీసేసి, మెడ మీద చెమట ఆరనిచ్చింది.

"ఇంత గాలి ఇక్కడ పెట్టుకొని, ఇన్నొద్దులు కింద ఉడికినమా" అంది.

మిగతావాళ్ళూ కూర్చున్నారు. కొందరు బెంచీల మీద, కొందరు నేల మీద కాళ్ళు చాపుకుని. కాసేపటికి సూపర్‌వైజరు నా పక్కకి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "సర్, దిగినవాళ్ళు ప్లాట్‌ఫారం మీద ఉండకూడదు. రూలు. నేను చెబితే బాగుండదు. మీరు చెప్పండి."

సరేనని వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకున్నాను. పీతలామె నన్ను చూసి, పక్కకి జరిగి చోటిచ్చింది. "కూర్చోండి అన్నయ్యగారూ, నిలబడే ఉన్నారు ఇందాకటినించీ" అంది.

కూర్చున్నాను. మధ్యాహ్నాలు ఇక్కడ ఆగదన్న రైలు వచ్చింది, ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్ళింది. మేం లేవలేదు.